ఇంకాస్త బావ

మా బావను పనిచేసే చోట అందరూ ‘ఇంకాస్త’ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆయనకేమీ బాధ ఉన్నట్టు కనిపించలేదు. పెద్ద షాపింగ్ మాల్ అడుగున, కార్లు నిలిపే అంతస్తుకి కూడా కింద, ఆ మాల్ మొత్తాన్ని చల్లబరిచే యంత్రాల గది ఒకటి ఉంది. అందులో బావ ఏసీ మెకానిక్. పైన జనం అద్దాల ముందు కొత్త చొక్కాలు తొడుక్కుని చూసుకుంటుంటే, కింద ఈయన చెవుల్లో దూది పెట్టుకుని గొట్టాలు తడుముతుంటాడు. బోల్టు బిగిస్తుంటే పక్కవాడు “చాలు” అంటాడు. ఈయన “ఇంకాస్త” అంటాడు. పేరు అలా వచ్చింది.

ఇంటికొచ్చాక ఆ జబ్బంతా కంప్యూటర్ మీద చూపించేవాడు.

ఏ ప్రాసెసర్‌నైనా తయారుచేసినవాడు ఇంత వేగంతో నడవమని చెప్పి పంపుతాడు. దాన్ని అంతకు మించి పరిగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. కరెంటు ఎక్కువ తాగిస్తారు, అది వేడెక్కుతుంది, చల్లబరుస్తారు, మళ్లీ తాగిస్తారు. ఎందుకని అడిగితే ఆ మనుషులు మనల్ని జాలిగా చూస్తారు. వాళ్లకొక లోకముంది. ఇంటర్నెట్‌లో ఒక పట్టిక ఉంటుంది, ఎవరు ఎంత వేగం దాకా ఎక్కించారో అందులో వరసగా పేర్లుంటాయి. ఎక్కించిన వేగం దగ్గర యంత్రం రెండు క్షణాలు ప్రాణంతో ఉంటే చాలు. తెరను ఫోటో తీసి పంపిస్తారు. ఆ తర్వాత అది ఆగిపోయినా, మాడిపోయినా పేరు పేరే.

కొత్త ప్రాసెసర్ వచ్చిన రోజు బావ చేతులు కడుక్కుని, తుడుచుకుని, కిటికీ దగ్గర కూర్చుని పెట్టె విప్పాడు. పెద్దదేమీ కాదు, ఒక బిస్కెట్ ముక్కంత. దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

“ఒరేయ్ బామ్మర్దీ, ఒకే ఫ్యాక్టరీలో, ఒకే రోజు, ఒకే పలకలోంచి కోస్తారు వీటిని. అయినా ఒకటి గుర్రం, ఒకటి గాడిద. మనకేది తగిలిందో పెట్టి చూస్తేగానీ తెలియదు.”

“పెళ్లికి ముందు మా నాన్న కూడా అదే అన్నాడు. పెట్టి చూశాక తెలిసింది,” అంది వంటగదిలోంచి అక్క.

మా అక్క గొంతు అలా ఉండేది. గోడలు అడ్డమయ్యేవి కావు. టాక్సీ ఆఫీసులో ఫోన్ల దగ్గర ఆమె పని. బుకింగులు తీసుకోవడం, డ్రైవర్లను అటూ ఇటూ పంపడం. డ్రైవర్లు ఆమెను ‘హారన్’ అనేవాళ్లు. నిద్రపోతున్న డ్రైవర్ని ఫోన్‌లోనే చొక్కా పట్టుకుని లేపగలదని పేరు. ఇంట్లో కూడా అంతే. నేను వాళ్లింట్లోనే ముందుగదిలో ఉంటాను. నాకున్న పాత పుస్తకాలన్నీ మంచం కిందే ఉంటాయి. చదువుతూ ఒక పేజీ ఎన్నిసార్లు మొదట్నుంచి మొదలుపెట్టానో, అన్నిసార్లూ ఆమె గొంతే కారణం.

ఆ ప్రాసెసర్ గుర్రమే అని తేలింది. ఆ సాయంత్రం బావ తన కూతురు బుజ్జిని భుజాల మీద కూర్చోబెట్టుకుని గది మధ్యలో గెంతులేశాడు. నలభై దాటిన మనిషి, తల ముందు భాగం పలచబడిన మనిషి. “గుర్రమేనే! గుర్రమేనే!” అని పిల్ల అరుస్తుంటే, నాకు నవ్వూ వచ్చింది, ఏదో అసూయ కూడా కలిగింది. దేనికోసమైనా నేను ఎప్పుడైనా అలా గెంతానా అని.

ఆయన యంత్రానికి డబ్బా లేదు. ఒక చెక్క పలక మీద బోర్డు బిగించి, అన్నీ బయటికి కనిపించేలా పెట్టుకున్నాడు. మాల్‌లో తీసి పారేసిన పాత ఏసీ కంప్రెసర్ ఒకటి తెచ్చి బాల్కనీలో దింపాడు. దాన్నుంచి రాగి గొట్టం కిటికీ గుండా లోపలికొచ్చి, చివరన ఒక రాగి దిమ్మెగా మారి ప్రాసెసర్ నెత్తిమీద కూర్చుంటుంది. గొట్టం పొడవునా నల్ల ఫోమ్ చుట్టాడు. తేమ చేరి నీటిబొట్లు పడకుండా బోర్డు మీద వ్యాజిలిన్ దట్టంగా పూశాడు. ఆ కంప్రెసర్ మొదలైతే ఇంట్లో లైట్లు ఒక్కసారి కళ్లు మూసి తెరిచేవి. ఆ పైన గుర్రుమనే చప్పుడు. గ్లాసులు అలమరలో ఒకదాన్నొకటి తాకుతూ గలగలమనేవి.

“ఏవండీ, మీ రెండో పెళ్లానికి ఇంకా ఉక్కపోస్తోందా? కాస్త ఆపండి, నా మాట నాకే వినపడట్లేదు.”

“ఇంకాస్తే. మైనస్ ముప్పైకి దిగుతోంది.”

“మొదటిదాని బుర్ర వందకెక్కుతోంది, అది చూసుకోండి ముందు.”

అలాంటి ఇంట్లో అక్క గొంతు బొంగురుపోవడం మేమెవరమూ పట్టించుకోలేదు. అరిచి అరిచి పోయిందన్నాం. ఆమే నవ్వింది. డ్రైవర్లు మిరియాల పొడి పొట్లాలు ఇచ్చారు. నెలలు గడిచినా తగ్గలేదు. మింగితే నొప్పి అంది. ఆసుపత్రికి వెళ్లి, పరీక్షలు చేయించుకుని, రెండు కుర్చీలున్న గదిలో కూర్చున్నాక డాక్టర్ చెప్పాడు. గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేయాలి. మనిషి దక్కుతుంది. మాట దక్కదు. మెడ ముందు ఒక రంధ్రం ఉంటుంది, ఊపిరి ఇక అక్కడినుంచే.

అక్క బావ వైపు తిరిగి, “ఇక మీ పండగే,” అంది.

అదే ఆసుపత్రిలో మాట పోయినవాళ్లకు మళ్లీ నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. చిన్నవయసు, అలసిపోయిన కళ్లు. ఆమె ఒక మార్గం చెప్పింది. ఆపరేషన్‌లోపు అక్క గొంతును వీలైనంత ఎక్కువగా రికార్డు చేసి పెట్టుకోవాలి. శుభ్రంగా, చప్పుళ్లు లేకుండా, గంటల కొద్దీ. వాటితో కంప్యూటర్‌లో ఆమె గొంతును తయారుచేయొచ్చు. తర్వాత ఆమె ఫోన్‌లో టైపు చేస్తే ఆమె గొంతుతోనే పలుకుతుంది.

“తయారుచేసిచ్చే కంపెనీలు కూడా ఉన్నాయి. రికార్డింగులు పంపిస్తే వాళ్లే చేస్తారు,” అంది ఆ అమ్మాయి.

“వాళ్లెందుకు మేడమ్? అలాంటి పని చేసే మెషిన్ నా దగ్గరే ఉంది. వాళ్లకి వారం పట్టేది నాకు రెండు రోజులు,” అన్నాడు బావ.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో వెలుగు నేను చూశాను. తప్పు పట్టలేను. ఇన్నేళ్లుగా ఎందుకు ఎందుకని ఇల్లంతా అడిగిన ప్రశ్నకి ఆయనకు జవాబు దొరికింది.

ఆసుపత్రివాళ్లు మంచి రికార్డర్ ఒకటి ఇచ్చారు. అక్క ఆపరేషన్‌కి చేరే రోజు, రికార్డింగులుండే కార్డుతో సహా తిరిగిచ్చేయాలి, తర్వాతి రోగికి కావాలి. చదవడానికి కొన్ని వందల వాక్యాలున్న కాగితాలు కూడా ఇచ్చారు.

ఆ రోజుల్లో బావ కంప్రెసర్ ముట్టుకోలేదు. పడకగది కిటికీలకు దుప్పట్లు కట్టాడు. ఫ్యాన్ ఆపేశాడు. అక్క మంచం మీద చెమటలు కక్కుతూ బొంగురు గొంతుతో చదివేది. మధ్యలో కాగితం పక్కన పడేసేది.

“ఏం వాక్యాలండీ ఇవి? ‘తోటలో తెల్లని కుందేలు గంతులేస్తున్నది.’ నా జన్మలో ఈ మాట ఎవరితో అంటాను?”

“అక్షరాలన్నీ రావాలట. చదువు.”

“నాకు కావలసినవి నేను చెప్తా. ‘ఒసేయ్ బుజ్జీ, చెప్పులేసుకో.’ ‘ఒరేయ్ తమ్ముడూ, లైటార్పి పడుకో, ఆ పుస్తకాలు నీకు అన్నం పెట్టవు.’ ‘ఏవండీ, తువ్వాలు మంచం మీద వేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?’ రాసుకోండి, ఇవే నాకు రోజూ పనికొచ్చేవి.”

బావ ఆపలేదు. రికార్డర్ నడుస్తూనే ఉంది. ఆమె పిల్లను పిలిచే పిలుపులన్నీ పిలిచింది. కోపంగా ఒకసారి, ముద్దుగా ఒకసారి. డ్రైవర్లను తిట్టే తిట్లు తిట్టింది. పిల్ల పెద్దదయ్యాక చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయని చెప్పి మమ్మల్ని బయటికి పంపి తలుపేసుకుంది. ఆ తలుపు వెనక ఏం చెప్పిందో మాకెవరికీ తెలియదు. నేను ఈ కథ రాస్తున్నది ఆ తలుపు గురించే.

ఆసుపత్రిలో చేరే ముందు ఆదివారం మధ్యాహ్నం బావ కార్డులోని రికార్డింగులు తన యంత్రంలోకి తీసుకున్నాడు. వాళ్ల ముఠాలో ‘తాత’ అని ఒకడున్నాడు, ఎన్నడూ ఎదురుపడలేదు, ఫోన్‌లోనే స్నేహం. ఆ సమయానికి ఆయన ఫోన్ చేశాడు. బావ స్పీకర్ ఆన్ చేసి పనిచేసుకుంటున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ మనుషులు యంత్రంలో రెండు రకాల సెట్టింగులు దాచుకుంటారు. ఒకటి పందేనిది, ఇంకొకటి రోజువారీది. పందెం సెట్టింగు ఆ రెండు క్షణాల ఫోటో కోసమే. పనయ్యాక రోజువారీకి దించేయాలి. ప్రాసెసర్‌కే కాదు, పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని పట్టుకుని ఉండే మెమరీకీ ఒక పట్టిక ఉంటుంది, ఆ నెల అందులో బావ పేరు మొట్టమొదట ఉంది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన చోటు. ఆ సెట్టింగును ఆయన దించలేదు. ఒకసారి దించితే మళ్లీ ఎక్కుతుందో లేదో అని భయం. వాళ్లలో అది మామూలే, అనుకూలించిన యంత్రాన్ని కదపరు.

“నీ పైన ఇంకొకడు రాబోతున్నాడు. చూశావా?” అన్నాడు తాత.

“రానీ. ఆపరేషన్ అయ్యాక నేను ఇంకాస్త ఎక్కిస్తా.”

“పందెంలోనే వదిలేశావా దాన్ని? అందులో ఇంటి పనులు చేస్తున్నావా?”

“చల్లగా ఉంది తాతా. కంప్రెసర్ నడుస్తోంది. ముట్టుకుంటే వేళ్లు అతుక్కుపోతాయ్.”

“వేడి సంగతి కాదు నేనడిగేది. మెమరీ పరీక్ష పెట్టావా? పూర్తిగా?”

“ఆ, పెడతాలే.”

మెమరీ తనలో పెట్టినదాన్ని పెట్టినట్టే తిరిగిస్తోందా అని చూసే ఆ పరీక్షకి రోజంతా పడుతుంది. అందులో తప్పులు బయటపడితే వేగం తగ్గించుకోవాలి. ఏసీ మెకానిక్‌కి చెడిపోవడమంటే వేడెక్కడమే. జీవితమంతా వేడితోనే పోట్లాడినవాడు. చల్లగా ఉన్నది కూడా లోపల లెక్క తప్పుతుందని, చప్పుడు లేకుండా, పొగ రాకుండా, ఒక్క ఎర్ర దీపం వెలగకుండా తప్పుతుందని ఆయన మనసుకి ఎక్కలేదు. పుస్తకాల్లో ఉంది. ఆయనా చదివాడు. ఎక్కలేదంతే.

కార్డులోంచి నాలుగైదు విని చూశాడు. బాగున్నాయి. తర్వాత అన్నిటినీ నొక్కి చిన్నవిగా చేసి ఒకే మూటగా కట్టాడు. ఆ మూటను మూడు వేరే డిస్కుల్లోకి ఎక్కించాడు. “మూడుచోట్ల ఉంది. ఇల్లు కూలినా పోదు,” అని నా వీపు తట్టాడు. తర్వాత పందేనికి వాడే డిస్కును పూర్తిగా తుడిచేశాడు. దాంట్లో అనవసరమైనది ఒక్కటి ఉన్నా వేగం తగ్గుతుందని వాళ్ల పట్టింపు. విడివిడిగా ఉన్న రికార్డింగులు దాంతోనే పోయాయి. మూట చాలు కదా.

రికార్డర్ తిరిగిచ్చేశాం. ఆపరేషన్ అయింది. లోపలికి వెళ్లే ముందు అక్క ఆఖరి మాట బావతోనే అంది. “తువ్వాలు,” అంది, వేలు చూపించి. ఆసుపత్రి మంచం మీద తడి తువ్వాలు పడేశాడు మరి.

ఇంటికొచ్చాక ఇల్లు అలవాటవడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. పిల్ల పలక ఆమె పలక అయింది. పిలవడానికి స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేది. ఊపిరి తీసినప్పుడల్లా మెడ దగ్గర్నుంచి ఒక ఈల వచ్చేది, దగ్గొస్తే గరగరమనేది. రాత్రి సంగతి వదిలేయండి, పగలు కూడా పిల్ల ఆమె పక్కన పడుకోవడానికి వెనకాడింది. “అమ్మలో ఏదో ఉంది,” అని నా చెవిలో చెప్పింది. అక్క అది విన్నది. చెవులు బాగానే ఉన్నాయి కదా ఆమెకి.

“ఇంకో వారం ఓపిక పట్టవే బుజ్జీ. అమ్మ మళ్లీ నిన్ను తిడుతుంది. ఫోన్‌లోంచి తిడుతుంది,” అన్నాడు బావ.

ఆయన ఆ పనికి కూర్చున్న మధ్యాహ్నం అక్క కూడా కుర్చీ వేయించుకుని పక్కన కూర్చుంది. పిల్ల ఆమె ఒడిలో లేదు, నా ఒడిలో ఉంది. బావ మూట విప్పమని నొక్కాడు. కొంతదూరం విప్పుకుని ఆగింది. మూట పాడైంది అని తెర మీద వచ్చింది. బావ నవ్వి రెండో డిస్కు తగిలించాడు. అదే మాట. మూడోది. అదే మాట, అదే చోట. మూడూ ఒకే మూటకి నకళ్లు, ఆ మూట కట్టినప్పుడే లోపల తప్పు పడింది.

బావ చెవుల వెనక చెమట పట్టడం నాకు కనిపించింది. గది చల్లగానే ఉంది.

ఏవేవో చేసి, మూటను బలవంతంగా చింపి, లోపలున్నవాటిని బయటికి లాగాడు. వినిపించిన మొదటి దాంట్లో అక్క గొంతు వచ్చింది. స్పష్టంగా, పక్కనే ఉన్నట్టు. “మొదలుపెట్టనా?” అంది. ఆ వెంటనే ఇనుప రేకు మీద మేకుతో గీసినట్టు ఒకటే కీచు. రెండోది మొదట్నుంచీ కీచే. మూడోదీ అంతే. పిల్ల చెవులు మూసుకుంది.

“మావయ్యా, అమ్మ గొంతు ఇదా?”

బావ ఒక్కొక్కటీ తెరుస్తూనే ఉన్నాడు. అక్క పలక తీసి రాసింది. ‘ఎన్ని మిగిలాయి?’

బావ తెర వైపే చూస్తూ, “ఇంకాస్త చూడనీ,” అన్నాడు.

అక్క చెంచాతో గ్లాసు మీద కొట్టింది. ఆయన తిరగలేదు. మళ్లీ కొట్టింది. తిరిగాడు. పలక ఆయన ముఖానికి దగ్గరగా పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె లేచి లోపలికి వెళ్లి, గడియ పెట్టుకుంది. అదే గది. అదే తలుపు.

బావ మర్నాడు ఆసుపత్రికి వెళితే నేనూ వెళ్లాను. ఆ అమ్మాయి రికార్డర్ తీసి చూపించింది. తర్వాతి రోగులు అదే కార్డు మీద చదివారు. కొత్త గొంతులు పాత గొంతు మీద పడ్డాయి.

“మీ దగ్గర ఇంకో కాపీ లేదా సార్?”

“మూడున్నాయి మేడమ్,” అన్నాడు బావ.

డ్రైవర్ల ఫోన్లు, మా ఫోన్లు అన్నీ వెతికాం. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క. పక్కన టీవీ మోత, బండ్ల హారన్లు. గొంతు తయారుచేయడానికి అవి చాలవని కంపెనీవాళ్లు కూడా చెప్పేశారు. తలుపు వెనక చెప్పిన మాటల్ని అక్క మళ్లీ రాయొచ్చు కదా అని నేనొకసారి అడిగాను. ఆమె ఖాళీ పలకనే కొంగుతో తుడిచి పక్కన పెట్టింది.

బావ ఆ తర్వాత మెమరీ పరీక్ష పెట్టాడు. రోజంతా ఏమీ పట్టలేదు. మొదలైన కాసేపటికే ఎర్ర గీతలు తెర నిండా దిగాయి, ఒకదాని కింద ఒకటి. ఆయన వాటిని చూస్తూ నాతో, “చల్లగానే ఉందిరా. చెయ్యి కొరికేంత చల్లగా ఉంది,” అన్నాడు. ఆ రెండు ముక్కలే, రెండు మూడు సార్లు. అదే వారం పట్టికలో ఆయన పేరు మీదికి ఇంకొకడి పేరు ఎక్కింది. తాత ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఒక ఆదివారం పానా పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాడు. బోర్డూ, ప్రాసెసరూ అప్పటికే విప్పి ఒక అట్టపెట్టెలో పడేశాడు. కంప్రెసర్ బోల్టులు విప్పుతుంటే లోపల గ్లాసు మోగింది. ఆగకుండా మోగింది. మేమిద్దరం పరిగెత్తాం. అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. పలక మీద ‘ఉండనీండి’ అని ఉంది.

“దీని మొహం చూడలేకపోతున్నానే. పారేస్తా,” అన్నాడు బావ.

ఆమె అది తుడిచేసి మళ్లీ రాసింది. ‘ఆన్ చేయండి.’

బావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె తనను క్షమించిందని అనుకున్నాడు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు, మాల్‌లో తోటివాళ్లతో చెప్పుకున్నాడట కూడా. నేను కాదనలేదు. కానీ స్విచ్ వేసినప్పుడు నేను చూసింది అక్కనే. లైట్లు కళ్లు మూసి తెరిచాయి. గుర్రుమని మొదలైంది. అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. ఆ మోతలో ఆమె మెడలోని ఈల మునిగిపోయింది. అక్క వెళ్లి మంచం మీద పడుకుని, పక్కన చోటు చూపించింది. పిల్ల ఒక్క క్షణం చెవి రిక్కించి, వెళ్లి పడుకుంది.

అప్పట్నుంచి పిల్ల పడుకునే వేళలన్నిటా అది నడుస్తుంది. దాని గొట్టం చివర ఇప్పుడు ఏ ప్రాసెసరూ లేదు. రాగి దిమ్మె ఒక్కటీ ఖాళీ పలక మీద కూర్చుని, దేన్నీ చల్లబరచకుండా, తెల్లగా మంచు పట్టిపోతుంటుంది. బావ గుడ్డతో గీకి తీసేస్తాడు. మళ్లీ పడుతుంది. పిల్ల కళ్లు మూతలు పడ్డాక బావ లేచి స్విచ్ మీద చెయ్యేస్తే, అక్క మంచం మీదనుంచే బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా తెచ్చి చూపిస్తుంది.

ఇంకాస్త అని.

ఆయన చెయ్యి తీసేస్తాడు.